ఆనికాయ కోసం అడవి ఉల్లి: పొట్టంగి గట్టు దాకా మా ప్రయాణం

మా అప్పలనర్సమ్మ వదిన కుడి మడమ కింద ఆనికాయ లేచింది. మేమిద్దరం కోరాపుట్ కొండలెక్కి రావడానికి అదే కారణం. గుడులు చూద్దామనో, ఎండలకి చల్లగా ఉంటుందనో బయల్దేరిన ప్రయాణం కాదిది.

వదినంటే మా ఆయనకి అక్క. ఊళ్లో పిల్లని ఊళ్లోనే ఇచ్చేరు కాబట్టి ఆవిడ పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఒక్క వీధే దూరం. గుణుపురానికి ఇవతల వంశధార ఒడ్డున ఉంది మా ఊరు. మా తాతలు శ్రీకాకుళం వైపు నించి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నారు. మాటా మారలేదు, అమ్మవారూ మారలేదు. వైశాఖంలో అమ్మవారి సంబరం చేస్తాం. ఆ రోజు మొదటి ఘటం మా ఇంటి ఆడపడుచు నెత్తికెత్తుకోవాలి. కాళ్లకి చెప్పులుండకూడదు, ఊరంతా తిరిగొచ్చేదాకా ఘటం దించకూడదు. వదిన పెళ్లికి ముందు నించీ ఎత్తుతోంది. ఆవిడ ఎత్తలేనంటే అవతలి వాటా వాళ్ల, అంటే మా దాయాదుల ఆడపడుచు నూకాలమ్మ ఎత్తుతుంది. ఒకసారి చెయ్యి మారిన ఘటం మళ్లీ మా వాకిట్లోకి రాదు. అది ఊరి కట్టు.

ఆనికాయ చూస్తే మడమ కింద గులకరాయి పెట్టి కుట్టినట్టుంది. బ్లేడుతో చెక్కుకుంది, మళ్లీ లేచింది. మందుల షాపు పట్టీ అంటించుకుంది, పొలం బురదలో ఊడిపోయింది. అప్పుడు సెమిలిగుడలో ఉన్న మా చెల్లి సత్తెమ్మ ఫోన్లో అంది: "అక్కా, పొట్టంగి దగ్గర గట్టు మీద ఒక ముసలమ్ముంది. అడవి ఉల్లి కాల్సి కడతాది. ఆనికాయ మాగిన పండులాగ మెత్తబడిపోద్ది. డబ్బులు పుచ్చుకోదు గానీ ఎండు సేపలంటే పేణం."

వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "రేపే వస్తన్నాం, పక్కలెయ్యి" అనేసి పెట్టేసింది.

రాయగడ దాకా బస్సు

ఎండు నెత్తళ్లు మూడు కవర్లలో చుట్టేం, పైన పాత తువ్వాలు కట్టేం. అయినా బస్సు ఊరు దాటక ముందే దాని సంగతి అందరికీ తెలిసిపోయింది. కండక్టరు ముక్కు ఎగబీలుస్తూ సీటు సీటుకీ వంగి చూసుకుంటూ వస్తున్నాడు. "శుఖువా ఎవరిది? శుఖువా?" అని. ఒడియాలో ఎండు చేపని శుఖువా అంటారు. వదిన కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూచుంది, జన్మలో మొదటిసారి కొండ చూస్తున్నట్టు.

వెనక సీటులో ఒక పెద్దావిడ మాత్రం ముందుకు వంగి నా చెవిలో అడిగింది, "నెత్తళ్లా, సావిడాలా?" అని. నెత్తళ్లన్నాను. "అదే అనుకున్నాను" అని తృప్తిగా వెనక్కి వాలింది. పార్వతీపురం వైపు మనిషట. ఇక రాయగడ వచ్చేదాకా ఇద్దరం నెత్తళ్ల పులుసులో మామిడికాయ వేస్తారా, చింతపండు వేస్తారా అని వాదించుకున్నాం. మామిడికాయే అని నేను. దిగేటప్పుడు కూడా ఆవిడ ఒప్పుకోలేదు.

బస్టాండులో జనం వదిన కాళ్ల వైపే చూసేరు. ఎడమకాలికి తోలు చెప్పు, కుడికాలికి కొడుకు స్పాంజి చెప్పు. పైగా అది ఆవిడ పాదానికి రెండింతలుంది. నడుస్తుంటే ఒక కాలు టక్కు, ఒక కాలు ఫట్టు. "సూడనియ్యే. ఆళ్లు మొయ్యాలేటి ఘటం?" అంది.

సొరంగాల రైలు

రాయగడ నించి కోరాపుట్ వెళ్లే రైలు చూడని వాళ్లు ఒకసారి ఎక్కాలి. కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు పోతాయి పట్టాలు. ఒక పక్క లోయ, ఒక పక్క చేతికందేంత దగ్గర్లో బండ. ఉన్నట్టుండి సొరంగం. పెట్టెలో లైట్లు వెలిగితే వెలుగుతాయి, లేకపోతే లేదు. చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్క గొంతుతో కూత పెడతారు. రెండో సొరంగానికి వదిన కూడా పెట్టింది. 

చైత్రమాసం కదా, కొండలు అక్కడక్కడ నల్లగా కాలి ఉన్నాయి, పోడు కోసం. ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు బుట్టలు పెట్టుకుని రాలిన పువ్వు ఏరుతున్నారు. లక్ష్మీపూర్ దగ్గర ఒకమ్మ ఆకు దొన్నెల్లో గుగునీ అమ్మింది. ఉడకేసిన బఠానీల కూర, పైన ఉల్లిముక్కలు. దొన్నె పది రూపాయలు. మన దగ్గర ఆ డబ్బుకి ఈ రోజుల్లో ఆకు కూడా రాదు.

సెమిలిగుడ సంత

సెమిలిగుడ అంటే లారీలు, బస్సులు, టైర్ల కొట్లు. సత్తెమ్మ మొగుడి కొట్టు కూడా అలాంటిదే, పంక్చర్లు వేస్తాడు. కానీ సంత రోజు ఆ ఊరి మొహమే మారిపోతుంది. కొండల మీంచి ఆడవాళ్లు కావిళ్లతో, బుట్టలతో దిగుతారు. ముక్కుకి మూడు ముక్కెరలు, మెడ నిండా పూసలు, మోకాలు దిగని చీర. అల్లం, పసుపు, పనసకాయలు, చీమల గూళ్లతో సహా ఎర్రచీమలు. చీమల్ని పచ్చిమిరపకాయలతో నూరి పచ్చడి చేస్తారట. ఒకామె నా అరచేతిలో కొంచెం పెట్టింది. కళ్లు మూసుకుని నాకేను. నిమ్మకాయ పిండినట్టు పుల్లగా బాగుంది. కళ్లు తెరిచి చూడకపోతే ఇంకా బాగుండేది.

పొద్దున్నే అక్కడందరూ తాగేది మాండియా పేజ్. ఏమిటా అని చూస్తే మన చోడి అంబలే, రాగులతో కాచేది! మనం మజ్జిగ పోసి పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతాం. వాళ్లు కాస్త పులియబెట్టి, పక్కన ఏ చింతపండు పచ్చడో పెట్టుకుంటారు. వదిన గిన్నెడు తాగి, "అన్నీ బాగున్నాయి గానీ ఉల్లిపాయ లేని అంబలేటి, తాళి లేని మెడలాగ" అంది. వెంటనే సంతలో చిన్న ఎర్ర ఉల్లిపాయలు ఒక సంచి కొంది. మన ఊళ్లో కంటే చవక, ఘాటు కూడా ఎక్కువ.

"ఇక్కడి నించి గుణుపురం దాకా మోస్తావా ఒదినా ఉల్లిపాయలు?" అని సత్తెమ్మ నవ్వింది.

"నెత్తిన ఘటం మోసేదాన్ని, సేత్తో ఉల్లిపాయలు మొయ్యలేనేటి?"

పొట్టంగి గట్టు

మర్నాడు ఆటోలో పొట్టంగి దాటి, దారి ఆగిపోయిన చోట దిగి నడిచేం. సత్తెమ్మకి అక్కడి దేశియా భాష వచ్చు కాబట్టి ముందు నడిచింది. ఎర్రమట్టి, గులకరాళ్లు. చెట్టు నీడ లేదు. ఇలాంటి చోట గడ్డే మొలవదు, మందు చెట్టేం మొలుస్తుందా అనుకుంటున్నాను. అప్పుడు సత్తెమ్మ, "అదిగో" అంది.

రాళ్ల మధ్య ఒంటి కాడ నిలబడి ఉంది, నడుమెత్తు. ఆకన్నది ఒక్కటి లేదు. ఎవరో కర్ర పాతి వెళ్లినట్టుంది. కాడ పై సగం నిండా చిన్న చిన్న పువ్వులు తలలు వేలాడేసుకుని ఉన్నాయి. తెలుపూ కాదు, గోధుమరంగూ కాదు, కాచిన పాల మీగడ అడుగంటినట్టుంటుందే, ఆ రంగు. చూసేకొద్దీ గట్టంతా అవే కనపడ్డాయి.

చెయ్యి ఊరుకోదు కదా. రాయితో తవ్వి ఒక దుంప లాగేను. పొరలు పొరలుగా అచ్చం ఉల్లిపాయే, కాకపోతే తెల్లగా పిడికిలంత ఉంది. రాయి తగిలి గాటు పడ్డ చోట జిగురు కారింది. నిమిషం కాలేదు, వేళ్లు దురద. కంద తరిగిన రోజుకి పదింతల దురద. గోక్కుంటూ గోక్కుంటూ సుక్రీ గుడిసెకి వెళ్లేను.

సుక్రీ అంటే ఆ ముసలమ్మ పేరు. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రీ. మన శుక్కురమ్మ లాగే. నా చేతులు చూడగానే లోపలికెళ్లి నానబెట్టిన చింతపండు తెచ్చి రుద్దింది. తర్వాత ముక్కు ఎగరేసి గాలి పీల్చి వదిన చేతిలో మూట వైపు వేలు చూపించింది. నెత్తళ్లు! మూడు కవర్లూ విప్పి ఒకటి పచ్చిదే నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. అప్పటికి గానీ వైద్యం మొదలవలేదు.

వదిన మడమని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. వదిన కేకకి గుడిసె వెనక కోళ్లు లేచిపోయేయి. సుక్రీ పకపకా నవ్వి ఏదో అంది.

"ఏటంటంది?" అంది వదిన.

సత్తెమ్మ నీళ్లు నమిలింది. "ఇంత మనిసిని మోస్తే మడమ మాత్రం ఏటి సేస్తాది అంటంది."

"తిట్టిందా?"

"నేదొదినా, వైద్దిగం సెప్తంది."

దుంపని నిప్పుల్లో పెట్టి పైపొర నల్లబడేదాకా కాల్చింది. సగానికి కోసి, వేడి తన మణికట్టు మీద పెట్టుకు చూసి, ఓర్చుకునే వేడికొచ్చేక కోసిన వైపు ఆనికాయకి ఆనించి గుడ్డతో కట్టింది. రోజూ సాయంత్రం ఇలా కట్టాలి, పొద్దున్న విప్పి వేణ్ణీళ్లలో నానబెట్టి రాయితో రుద్దాలి. పుండున్న చోట తగలనివ్వకూడదు.

దుంప చల్లారేదాకా దాని కథంతా చెప్పింది, సత్తెమ్మ నోటి మీదుగా. ఎండల్లో పువ్వే ఉంటుంది, ఆకుండదు. వానలు పడ్డాక ఆకులొస్తాయి, అప్పుడు పువ్వుండదు. ఒక చెట్టుకి పుట్టినా రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు. ఆకు ఎంత పచ్చగా ఉన్నా మేక మూతి పెట్టదు. దుంప తరిగి పిండిలో కలిపి గాదె దగ్గర పెడితే ఎలకలు చస్తాయి. వాళ్లమ్మ కాలంలో దగ్గుకి ఆవగింజంత ఇచ్చేవారట. "నాను ఎవులికీ ఇవ్వను. కొలత తప్పితే దగ్గు పోద్ది, మనిసీ పోతాడు" అందట.

మాకు అర్థమైందో లేదో అని ముసలమ్మకి అనుమానం. లేచి నిలబడి, దుంప కొరికినట్టు నటించి, గొంతు పట్టుకుని, కళ్లు తేలేసి నేల మీద దభీమని పడిపోయింది. కాసేపు కదలకుండా ఉండి, ఒక కన్ను తెరిచి మా మొహాలు చూసి కిచకిచా నవ్వింది.

ఇంటికి పట్టుకెళ్లమని చిన్న దుంపలు కొన్ని అడ్డాకులో పొట్లం కట్టి ఇచ్చింది. వంటింట్లో పెట్టొద్దు, బయట చూరుకి వేలాడదియ్యండి అని మూడుసార్లు చెప్పించింది. వదిన మూడుసార్లూ తల ఊపింది.

తిరుగు రైలు

కోరాపుట్ స్టేషన్లో సత్తెమ్మ మాకు రెండు పనసకాయలు, చోడిపిండి మూట, సీసాలో అంబలి ఇచ్చి ఎక్కించింది. నా రెండు చేతులూ పనసకాయలకే సరిపోయేయి. వదిన అడ్డాకు పొట్లాన్ని ఉల్లిపాయల సంచిలో పడేసింది. 

"ఒదినా, ముసలమ్మ ఏటి సెప్పింది?"

"వంటింట్లో ఎట్టొద్దంది. ఇది వంటిల్లేటి? రైలు."

టిక్రి స్టేషన్ దాటేక ఆకలేసింది. అంబలి గ్లాసుల్లో పోసేను. రైలు సొరంగంలోకి దూరింది, లైటు లేదు. వదిన చెయ్యి సంచిలోకి వెళ్లిన చప్పుడు, గోటితో పొర ఒలిచిన చప్పుడు, కరుక్కుమన్న చప్పుడు, అంబలి గుటక. అన్నీ చీకట్లోనే విన్నాను. అంబలి గ్లాసు చేతిలో ఉంటే రెండో చెయ్యి ఉల్లిపాయ కోసం పోవడం మాకు ఊపిరి తీసినంత మామూలు.

"ఇదేటే గౌరీ, ఈ ఉల్లిపాయ నాలిక కొరుకుతంది" అంది చీకట్లోంచి.

వెలుగొచ్చింది. ఆవిడ చేతిలో సగం కొరికిన తెల్ల దుంప. సంచిలో అడ్డాకు చిరిగి దుంపలన్నీ ఉల్లిపాయల్లో కలిసిపోయి ఉన్నాయి.

గ్లాసు పక్కన పెట్టి ఆవిడ దవడ పట్టుకున్నాను. "ఉమ్మీ! ఒదినా, ఉమ్మియ్యి!" అంటే, ఉమ్మింది గానీ ఒక ముక్క అప్పటికే అంబలితో పాటు దిగిపోయింది. పెదాలు మండుతున్నాయంది. కాసేపటికి కడుపులో తిప్పుతోందంది. కిటికీ పట్టుకుని వాంతి చేసుకుంది. మళ్లీ చేసుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఎప్పుడూ అంత చిన్నగా కనపడలేదు నాకు వదిన.

కోపం పట్టలేక ఆ దుంపల్ని కిటికీలోంచి విసిరేయబోయేను. ఎదుటి సీటులో గాజుల పెట్టెతో కూచున్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. పార్వతీపురం మనిషి, కొండ సంతలన్నీ తిరిగి గాజులమ్ముతాడు. "పారీకమ్మా! ఏటి తిన్నాదో డాట్రుకి సూపించొద్దేటి? కొరికిన ముక్క కూడా దాయి" అన్నాడు. ఆయనే ఫోన్ చేసి రాయగడ స్టేషన్‌కి అంబులెన్సు రమ్మన్నాడు. ఇంకో మనిషి నీళ్లిచ్చేడు. ఎవరో పసిపిల్ల తల్లి తన సీటు ఖాళీ చేసి దుప్పటి పరిచింది. 

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గౌరీ, నాకేటయినా అయితే..."

"ఏటీ అవదు. మాటాడకు."

"ఇను ముందు. ఘటం నూకాలమ్మకి ఇవ్వనీకు. నువ్వెత్తు. ఆడపడుచు కాదంటే దెబ్బలాడు."

సొరంగం తర్వాత సొరంగం వస్తోంది. వెళ్లేటప్పుడు కూత పెట్టిన మనిషి ఇప్పుడు కళ్లు మూసుకుని ఉంది. చీకటి పడినప్పుడల్లా ఆవిడ చెయ్యి తడిమి చూసుకున్నాను.

రాయగడ ఆసుపత్రి

డాక్టరు కుర్రాడు, ఒడియా ఆయన. నేను సంచి విప్పి మంచి దుంపా, కొరికిన దుంపా బల్ల మీద పెట్టేను. వెంటనే ఫొటో తీసి ఎవరికో పంపేడు. ఫోన్లో మాట్లాడేడు. బీపీ మాత్రలు, గుండె మాత్రలు ఏమైనా వేసుకుంటుందా అని గుచ్చి గుచ్చి అడిగేడు. లేదన్నాను. ఆ దుంపలో గుండె మీద పనిచేసే విషముంటుందట. ఎక్కువైతే గుండె కొట్టుకోవడం మందగించి ఆగిపోవచ్చట. నాడి కాస్త నెమ్మదిగా ఉంది, రేపటిదాకా ఇక్కడే ఉండాలన్నాడు.

వదిన ఛాతీకి వైర్లు అంటిస్తుంటే కళ్లు తెరిచింది. "డాట్రు బాబూ, నొప్పి ఇక్కడ కాదు, మడమలో" అంది. 

నర్సు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. ఆ నవ్వు వినేక నాకు ప్రాణం కుదుటపడింది. ఆ అమ్మాయి మన తెలుగు పిల్లే, శ్రీకాకుళం సముద్రపొడ్డు ఊరు. గ్లాసుతో నల్లటి బొగ్గునీళ్లు తెచ్చి తాగించింది, విషాన్ని పీల్చుకుంటుందని. తాగించి, బల్ల మీద దుంప చూసి ఆశ్చర్యపోయింది.

"ఇయ్యా? ఇయి మా ఊరి ఎనక ఇసక దిబ్బల్లో ఎన్ని కావాలంటే అన్ని. దీనికోసం కోరాపుట్ ఎల్లేరేటి పెద్దమ్మా?"

పెదాల చుట్టూ నల్లగా బొగ్గు పూసుకుని వదిన నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి నేను బతికి బట్టకట్టడం కూడా మామూలు సంగతి కాదు.

మర్నాడు పొద్దున్న నాడి బాగుందన్నారు. ఇడ్లీ పెట్టేరు. డాక్టరు మడమ కూడా చూసేడు. రోజూ వేణ్ణీళ్లలో నానబెట్టి రాయితో అరగదీయమన్నాడు, మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. పట్టు సంగతి అడిగితే, పగులూ గాయం లేని గట్టి తోలు మీదైతే కట్టుకోండి గానీ, నోటికి మాత్రం వద్దు అని దండం పెట్టేడు. మిగతావాళ్లకి చూపించడానికని ఒక దుంప ఉంచుకున్నాడు. ఉల్లిపాయల సంచి మొత్తం, దుంపల జిగురు దేనికి అంటిందో తెలీక, ఆసుపత్రి వెనక గొయ్యి తీయించి పూడ్పించేం. రెండు దుంపలు మాత్రం నేను డబ్బాలో విడిగా పెట్టి మూత మీద పెద్ద ఇంటూ గీసేను. 

మా ఊరు

డబ్బా పశువుల సాల చూరుకి వేలాడదీసేను. సాయంత్రం పెరట్లో పిడకల మీద కాల్చడం, మణికట్టు మీద వేడి చూడటం, కట్టడం. కోసిన కత్తి వంటింట్లోకి రాలేదు. వాడిన సగం గోతిలోకి వెళ్లేది. పొద్దున్నే బకెట్లో వేణ్ణీళ్లు, రాయి. దుంపలయిపోయేక కూడా నీళ్లూ రాయీ ఆపలేదు. దుంప పనిచేసిందో, నీళ్లే పనిచేసేయో, రెండూ కలిసో నేను చెప్పలేను. ఒక పొద్దున్న రుద్దుతుంటే నడుమనున్న గట్టి గింజ చింతపిక్కలా ఊడి చేతిలోకొచ్చింది. వదిన మడమ నేలకానించింది, ఎత్తింది, మళ్లీ ఆనించింది. పెరట్లో అటూ ఇటూ నడిచింది. తిన్నగా వెళ్లి అటక మీంచి ఘటం దింపి కడగడం మొదలెట్టింది.

సంబరం నాడు పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండలు కట్టి ఘటం ఎత్తేం. డప్పులు ముందు, వదిన వెనక, ఆవిడ వెనక నేను. ఇంటింటి ముందూ ఆగితే ఆడవాళ్లు బిందెతో పసుపునీళ్లు కాళ్లకి పోసి దండం పెడతారు. రోడ్డు కాలిపోతోంది. వదిన అడుగు ఎక్కడా తడబడలేదు.

నూకాలమ్మ వాకిటికొచ్చేం. నూకాలమ్మ బిందె తెచ్చి వంగి నీళ్లు పోసింది. పోసి లేవలేదు. కుడి మడమ వైపు వంగి వంగి చూసింది. తర్వాత అటూ ఇటూ చూసి, తన చీర కుచ్చెళ్లు కాస్త పైకెత్తి ఎడమకాలు వదినకి చూపించింది. మడమ కింద ఆనికాయ, మా వదినకున్న దానికంటే పెద్దది. సంబరానికి తన వంతొస్తే ఎలా నడవాలా అని నెల్లాళ్ల నించీ బెంగ పెట్టుకుందట పిచ్చిది, ఎవరికీ చెప్పకుండా.

"అప్పా, నీకు దేంతో తగ్గింది? నాకూ సెప్పవా?" అంది గుసగుసగా.

ఘటం నెత్తిన ఉంది, వదిన తల వంచకూడదు. ఎదురుగా చూస్తూనే పెదాలు మాత్రం కదిపింది.

"సెప్తాను గానీ నూకాలూ, ముందు నీకు ఉల్లిపాయ లేకుండా అంబలి తాగడం నేర్పాల."